అమెరికాలో పిల్లలకు సాకర్ క్లబ్ ఎంచుకోవడం: డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం ప్రాక్టీసు చూడండి

మన కుటుంబాల్లో సాకర్ క్లబ్ ఎంపిక చాలాసార్లు వాట్సాప్ గ్రూపులోనే తేలిపోతుంది. "మా బాబు అక్కడే ఆడుతున్నాడండీ, బావుంది" అని ఒకరంటారు. మరో నాలుగిళ్లవాళ్లు అక్కడే డబ్బు కట్టేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి ఒకింట్లో బాబు ప్రాక్టీసు ఎప్పుడా అని ఎదురుచూస్తుంటాడు, పక్కింట్లో పాప షూ వేసుకోనని ఏడుస్తుంటుంది. ఇద్దరిదీ ఒకటే క్లబ్, ఒకటే జెర్సీ. కోచ్‌లు మాత్రం వేరు.

పెద్ద క్లబ్ అంటే కొన్ని పదుల టీములు. మీ పిల్లలు వారానికి రెండుమూడు సాయంత్రాలు గడిపేది అందులో ఒక కోచ్ దగ్గర, పదీపన్నెండుమంది పిల్లల మధ్య. మీరు ఎంచుకోవాల్సింది ఆ కోచ్‌ని, ఆ టీముని. క్లబ్ పేరు, గోడమీది ట్రోఫీలు, వెబ్‌సైటులో కాలేజీకి వెళ్లిన పిల్లల ఫొటోలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఏ మెట్టో తేల్చుకోండి

ఇక్కడి సాకర్‌లో మెట్లు చాలా ఉన్నాయి, పేర్లు అంతకన్నా ఎక్కువ. కింది మెట్టు రిక్రియేషనల్, అందరూ రిక్ అంటారు. ట్రైఅవుట్, అంటే ఆడించి చూసి ఎంపిక చేయడం, ఉండదు, పేరు ఇచ్చినవాళ్లందరినీ తీసుకుంటారు. ఎవరో ఒకరి అమ్మో నాన్నో కోచ్‌గా ఉంటారు. 1964లో కాలిఫోర్నియాలో మొదలైన ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) ఈ తరహాకి పెద్ద ఉదాహరణ. ప్రతి పిల్లా కనీసం సగం ఆట ఆడాలన్నది వాళ్ల నియమం. చాలా ఊళ్లలో రిక్ ఫీజు సీజన్‌కి 100 నుంచి 250 డాలర్ల మధ్య ఉంటుంది, వారానికి ఒక ప్రాక్టీసు, శనివారం ఒక గేమ్.

దాని పైది కాంపిటీటివ్. కొన్నిచోట్ల ట్రావెల్ అంటారు, టెక్సస్ వైపు సెలెక్ట్ అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. ట్రైఅవుట్ పెడతారు, కోచ్‌కి జీతం ఇస్తారు, ఏడాది మొత్తానికి సంతకం చేయించుకుంటారు. ఆ పైన జాతీయ స్థాయి లీగులు: 2009లో ఆడపిల్లలతో మొదలై 2017లో మగపిల్లలకూ వచ్చిన ఈసీఎన్ఎల్, 2020లో మొదలైన మగపిల్లల ఎంఎల్ఎస్ నెక్స్ట్, అదే ఏడాది వచ్చిన గర్ల్స్ అకాడమీ. ఇవి దాదాపు 13 ఏళ్ల గ్రూపు దగ్గర మొదలవుతాయి. కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లల టీముకి "ప్రీ-ఈసీఎన్ఎల్" అని పేరు పెట్టి ఎక్కువ ఫీజు అడిగితే, ఆ పేరుకి డబ్బు కట్టకండి. ఆ వయసు పిల్లలు ఆడేది పక్క ఊరి టీములతోనే. ఆ టీములో ఉన్నంత మాత్రాన నాలుగేళ్ల తర్వాత పై టీములో చోటు ఉంటుందన్న హామీ కూడా లేదు.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇంటికి దగ్గరున్న రిక్ చాలు. కాంపిటీటివ్‌కి ఎప్పుడు మార్చాలంటే, ఎవరూ చెప్పకుండానే పెరట్లో బంతి తీసుకుని గోడకి తన్నుకుంటుంటే, శనివారం గేమ్ అయ్యాక కూడా ఆకలి తీరకపోతే, రిక్‌లో తనతో సమానంగా ఆడేవాళ్లు దొరకకపోతే. ఈ మూడూ పిల్లల్లో కనిపించాలి. మన ఉత్సాహాన్ని ఇందులో కలిపి లెక్కెయ్యకూడదు.

వయసు లెక్క మారింది

దాదాపు పదేళ్లుగా వయసు గ్రూపులు పుట్టిన సంవత్సరాన్ని బట్టి, అంటే జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కేస్తున్నారు. 2026-27 సీజన్ నుంచి పిల్లల టీములను నమోదు చేసుకునే జాతీయ సంస్థలు యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్ఓ మూడూ ఆగస్టు 1 నుంచి జులై 31 లెక్కకు మారుతున్నాయి. బడి తరగతికి దగ్గరగా ఉండాలన్నది ఉద్దేశం. ఉదాహరణకు 2026-27లో అండర్-10 అంటే 2016 ఆగస్టు 1కీ 2017 జులై 31కీ మధ్య పుట్టినవాళ్లు. పై అంచె లీగుల్లో కొన్ని వేరే లెక్క పాటించే అవకాశం ఉంది కనుక క్లబ్‌ని అడిగి ఖాయం చేసుకోండి.

దీనివల్ల పాత టీములు విడిపోయి కొత్తవి కూడుతున్నాయి. "నిరుడు ఆ టీము బావుంది" అన్న మాట ఇప్పుడు అంత పనికిరాదు. ఇంకో విషయం, సెప్టెంబరులో పుట్టినవాళ్లు ఇకపై తమ గ్రూపులో పెద్దవాళ్లు, జూన్, జులైలో పుట్టినవాళ్లు చిన్నవాళ్లు. పదేళ్ల వయసులో పది నెలల తేడా అంటే ఎత్తులో, పరుగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జులైలో పుట్టిన మీ అబ్బాయికి ట్రైఅవుట్‌లో రెండో టీము ఇచ్చారంటే వాడికి ఆట రాదని అర్థం చేసుకోకండి.

ఏ వయసులో ఎంతమంది ఆడాలో ఈ దేశ సాకర్ సమాఖ్య యూఎస్ సాకర్ నిర్దేశించింది. ఎనిమిదేళ్ల వరకు నలుగురితో నలుగురు, గోల్‌కీపర్ ఉండరు, 3వ సైజు బంతి. అండర్-9, 10కి ఏడుగురు, 4వ సైజు బంతి, 25 నిమిషాల చొప్పున రెండు భాగాలు. అండర్-11, 12కి తొమ్మిదిమంది, అదే బంతి, 30 నిమిషాల చొప్పున. అండర్-13 నుంచి పదకొండుమంది, 5వ సైజు బంతి. పదేళ్లూ అంతకన్నా తక్కువ వయసు పిల్లలు తలతో బంతి కొట్టకూడదు, ప్రాక్టీసులో కూడా. ప్రాక్టీసులో ఏడేళ్ల పిల్లలకు 5వ సైజు బంతులిచ్చి పెద్ద గ్రౌండులో పరుగెత్తిస్తుంటే, ఆ కోచ్‌కి ఈ వయసు పిల్లల గురించి తెలియదని అక్కడే అర్థమైపోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేస్తే మీకు చాలా తెలుస్తుంది. ఏడుగురాడే టీములో 12 మందిని తీసుకోవచ్చు. గేమ్ 50 నిమిషాలు. 50ని ఏడుతో గుణించి 12తో భాగిస్తే ఒక్కొక్కరికి 29 నిమిషాలు. అదే పదిమంది ఉంటే 35. తొమ్మిదిమంది ఆడే టీములో 16 మందిని నింపితే 60 నిమిషాల గేమ్‌లో 34 నిమిషాలు కూడా రావు, 13 మంది ఉంటే 41 దాటుతుంది. ఇది అందరికీ సమానంగా పంచితే వచ్చే లెక్క. నిజంగా చాలామందికి దక్కేది దీనికన్నా తక్కువే. అందుకే "టీములో మొత్తం ఎంతమందిని తీసుకుంటారు?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. ఒక్కో పిల్ల పెరిగితే క్లబ్‌కి ఒక్కో ఫీజు పెరుగుతుంది. మీ పాపకి నిమిషాలు తగ్గుతాయి.

ప్రాక్టీసు ఎలా చూడాలి

క్లబ్‌కి మెయిలు పెట్టి, ఫలానా వయసు టీము ప్రాక్టీసు చూడొచ్చా అని అడగండి. మంచి క్లబ్ "ఏ రోజైనా రండి" అంటుంది. ఓపెన్ హౌస్ రోజే రమ్మని పట్టుబడితే ఆ రోజు చూసేది ప్రదర్శన. మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లకండి. మడత కుర్చీ వేసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, మొదలు నుంచి చివరిదాకా 75 లేక 90 నిమిషాలూ కూర్చోండి.

టీములో మెరిసే పిల్లని చూడకండి, వెనకబడిన పిల్లనీ చూడకండి. మధ్యస్థంగా ఉన్న ఒకరిని ఎంచుకోండి. మీ పాప మొదటి ఏడాది ఉండబోయేది ఆ చోటే. పది నిమిషాలపాటు ఆ పిల్ల ఊరికే నిలబడిన ప్రతిసారీ స్టాప్‌వాచ్ నడపండి, కదిలినప్పుడు ఆపండి. పదిలో మూడు నిమిషాలు దాటకపోతే మంచి ప్రాక్టీసు. ఆరేడు నిమిషాలు వచ్చిందంటే పిల్లలు వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారని అర్థం. ఒక గోల్, ఒక బంతి, వెనక తొమ్మిదిమంది వరస: అలాంటి చోట గంటన్నరలో ఒక్కో పిల్ల బంతి తాకేది పదిహేనో ఇరవయ్యోసార్లు. తలా ఒక బంతి ఉన్న ప్రాక్టీసులో అది మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. పన్నెండేళ్లలోపు కాలికి బంతి అలవాటు కావడమే అన్నిటికన్నా ముఖ్యం, దానికి తాకడం తప్ప ఇంకో దారి లేదు.

తర్వాత, తప్పు జరిగినప్పుడు కోచ్ ఏమంటారో వినండి. కొందరు ప్రతి తన్నుకీ "పాస్, షూట్, వెనక్కి" అని అరుస్తూనే ఉంటారు. పిల్లలు బంతి వైపు చూడడం మానేసి కోచ్ వైపు చూస్తుంటారు, అది మీకు దూరం నుంచే కనిపిస్తుంది. మంచి కోచ్ ఆట ఆపి, ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్లి, "నీ ఎడమ పక్కన ఎవరున్నారు? ఇప్పుడు ఏం చేయొచ్చు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, మళ్లీ అక్కడి నుంచే ఆడిస్తారు. ఇరవై సెకన్ల పని అది. తప్పు చేసినందుకు గ్రౌండు చుట్టూ పరిగెత్తించే కోచ్ దగ్గర పిల్లలు కొత్తగా ఏదీ ప్రయత్నించరు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీముని తీర్చిదిద్ది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి చేర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడి పంతులు. కోచ్‌లో మొదట వెతకాల్సింది ఆ పంతులునే.

చివరి ఇరవై నిమిషాలు చిన్న గ్రౌండులో నిజమైన ఆట ఉండాలి. ప్రాక్టీసు అయ్యాక ఆఖరి పిల్లని తీసుకెళ్లేవరకూ ఎవరుంటున్నారో కూడా చూసి లేవండి.

వీలైతే ఒక గేమ్ కూడా చూడండి. కాగితం మీద జెర్సీ నంబర్లు రాసుకుని, ఎవరు ఏ నిమిషంలో ఆటలోకి దిగారు, ఏ నిమిషంలో బయటికి వచ్చారు రాయండి. టీము ఒక గోల్ వెనకబడి చివరి పది నిమిషాలున్నప్పుడు బెంచీ మీద ఎవరున్నారో చూస్తే, "అందరికీ సమానంగా ఆడిస్తాం" అన్న మాట ఎంత నిజమో తెలిసిపోతుంది. పదేళ్ల పిల్లల టీములో ఒకే పిల్లాడు రెండు భాగాలూ గోల్‌కీపర్‌గా నిలబడితే, ఒకే పాప ఎప్పుడూ వెనకే ఉంటే, ఆ కోచ్ ఈ శనివారం గెలవడం గురించే ఆలోచిస్తున్నారన్నమాట.

కోచ్‌ని, క్లబ్‌ని అడగాల్సినవి

యూఎస్ సాకర్ లైసెన్సులు గ్రాస్‌రూట్స్‌తో మొదలై డి, సి, బి, ఎ, ప్రో వరకు వెళ్తాయి. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు గ్రాస్‌రూట్స్ కోర్సులు చేసి డి లైసెన్సు ఉన్న కోచ్ నిక్షేపంగా సరిపోతారు. పెద్ద లైసెన్సు ఉండి చిన్నపిల్లలతో ఓపిక లేని కోచ్ కన్నా వీళ్లే నయం. లైసెన్సు కన్నా ముఖ్యమైన ప్రశ్న, మొత్తం ఎన్ని టీములు చూస్తున్నారన్నది. రెండు ఫర్వాలేదు. నాలుగైతే శని, ఆదివారాల్లో గేములు ఢీకొంటాయి, మీ టీము పక్కన ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. ఢీకొన్నప్పుడు ఎవరు వస్తారని పేరుతో సహా అడగండి.

"నిరుటి టీములో ఎంతమంది ఈ ఏడాది తిరిగొచ్చారు?" అన్న ప్రశ్నకి వచ్చే జవాబు బ్రోషరు మొత్తంకన్నా విలువైనది. పన్నెండులో తొమ్మిది, పది అంటే నిశ్చింత. ఐదూ ఆరూ అంటే ఎందుకు వెళ్లారో, వెళ్లినవాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడి తెలుసుకోండి. వయసు లెక్క మారిన ఏడాది కొంత కదలిక మామూలే, అది పక్కన పెట్టి చూడాలి. ఆడించే నిమిషాల గురించి క్లబ్ నియమం కాగితం మీద ఉందా, వచ్చే ఏడాది కూడా ఈ కోచే ఉంటారా, పిల్లలు హైస్కూల్ టీముకి ఆడాలనుకుంటే ఈ లీగు ఒప్పుకుంటుందా అనేవి కూడా ముందే అడగాలి. హైస్కూల్ టీము విషయం అన్ని లీగుల్లో ఒకలా ఉండదు.

ర్యాంకింగ్‌ల జోలికి పోకండి. అండర్-10 టీముకి ఆన్‌లైన్‌లో కనిపించే ర్యాంకు ఎక్కువగా ఎన్ని టోర్నమెంట్లు ఆడారు, ఎంత పొడుగు పిల్లలున్నారు అన్నదాన్నే చూపిస్తుంది.

భద్రత దగ్గర మొహమాటం వద్దు

2018 ఫిబ్రవరిలో వచ్చిన ఫెడరల్ చట్టం తర్వాత, పిల్లలతో పనిచేసే కోచ్‌లకు సేఫ్‌స్పోర్ట్ శిక్షణ (ఆటల్లో వేధింపులు జరగకుండా చూసుకోవడం నేర్పేది), వేధింపుల మీద ఫిర్యాదు చేయాల్సిన బాధ్యత వచ్చాయి. కోచ్‌కి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయిందా, సేఫ్‌స్పోర్ట్ శిక్షణ ఎప్పుడు పూర్తిచేశారు అని అడిగితే క్లబ్ ఒక్క మెయిలులో జవాబివ్వగలగాలి. చర్యలకు గురైనవాళ్ల పేర్లు సేఫ్‌స్పోర్ట్ సెంటర్ వెబ్‌సైటులో అందరూ వెతుక్కునేలా ఉంటాయి. రెండు నిమిషాలు పెట్టి చూసుకోండి.

నియమాలు మనకూ తెలిసుండాలి. ఒక పెద్ద, ఒక పిల్ల ఉన్నచోటు మరొకరికి కనిపించేలా, ఎవరైనా మధ్యలోకి రాగలిగేలా ఉండాలి. కోచ్ పిల్లలకు నేరుగా మెసేజ్ పెడితే అందులో అమ్మనో నాన్ననో చేర్చాలి. మీ రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లని ఒంటరిగా కారులో ఎక్కించుకోకూడదు. కోచ్ ఎంత మంచివారైనా, "పర్లేదండీ, నేను దింపేస్తాను" అంటే మొహమాటపడి సరే అనకండి. కార్పూల్ కావాలంటే ఇంకో తల్లిదండ్రులతో మాట్లాడుకోండి.

గ్రౌండుకి వెళ్లినప్పుడు గోల్ వెనక్కి నడిచి, నేల మీదున్న వెనక కడ్డీని చూడండి. దాని మీద ఇసుక బస్తాలో, నేలలోకి దిగిన మేకులో ఉండాలి. ఏమీ లేకుండా ఊరికే నిలబెట్టిన గోల్ మీద పిల్లలు వేలాడితే అది ముందుకు పడుతుంది. అలా పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఈ దేశంలో ఉన్నాయి. బస్తాలు లేకపోతే అప్పుడే కోచ్‌కి చెప్పండి. ఉరుము వినిపిస్తే ఆట ఆపాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ ఆడించకూడదు, డాక్టరు రాసిచ్చాకే రానివ్వాలి.

అసలు ఖర్చు

కాంపిటీటివ్ ఫీజు సాధారణంగా ఏడాదికి 1,500 నుంచి 3,500 డాలర్ల మధ్య ఉంటుంది, జాతీయ లీగుల్లో అంతకు మించుతుంది. వెబ్‌సైటులో రాసిన అంకె సగం కథే. ఫీజు 2,400 అనుకుందాం. జెర్సీ కిట్ 300. ఐదు టోర్నమెంట్లు, ఒక్కోదానికి మీ వాటా 85 చొప్పున 425. రెండు బయటి ఊరి టోర్నమెంట్లు, రెండేసి రాత్రుళ్లు, రాత్రికి 150 చొప్పున హోటలు 600, వాటికి పెట్రోలు, తిండి 400. కాలు పెరుగుతుంది కనుక ఏడాదికి రెండు జతల క్లీట్స్ (సాకర్ బూట్లు) 120. కోచ్ ప్రయాణం, టీము ఖర్చుల వాటా 150. కూడితే 4,395. ఇంచుమించు రెట్టింపు. ఇందులో ప్రైవేటు కోచింగ్ లేదు. పైగా చాలా టోర్నమెంట్లు తాము చెప్పిన హోటల్లోనే దిగాలంటాయి, మీ పాయింట్లతో వేరేచోట ఉండడం కుదరకపోవచ్చు.

అందుకే "ఫీజు ఎంత?" అని కాకుండా "నిరుడు ఈ టీములో ఒక కుటుంబానికి అన్నీ కలిపి ఎంతయింది?" అని టీము మేనేజర్‌ని అడగండి. మేనేజర్ అంటే మనలాంటి ఒక తల్లో తండ్రో, అంకె దాచరు. ఆర్థిక సాయం ఉందా అని అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు, చాలా క్లబ్బుల్లో ఉంటుంది. దరఖాస్తు గడువు మాత్రం ట్రైఅవుట్ల చుట్టుపక్కలే ముగుస్తుంది. లాభాపేక్ష లేని సంస్థగా నమోదైన క్లబ్ అయితే ఏటా ఫారం 990 దాఖలు చేస్తుంది. ఐఆర్ఎస్ వెబ్‌సైటులో అది ఉచితంగా చూడొచ్చు, డబ్బు ఎటు పోతోందో అందులో ఉంటుంది.

ఒప్పందంలో ఒక వాక్యం కోసం ప్రత్యేకంగా వెతకండి: మధ్యలో ఊరు మారితే డబ్బు తిరిగిస్తారా? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ప్రాజెక్టు మారడం, ఉద్యోగం పోవడం ఊహించుకునే భయం కాదు, జరిగేదే. చాలా క్లబ్బులు డిపాజిట్ తిరిగివ్వవు, సంతకం చేస్తే ఏడాది ఫీజంతా మీదేనంటాయి. కొన్ని మాత్రం ఊరు మారినట్టు, గాయమైనట్టు రుజువు చూపిస్తే మిగతా నెలల వాయిదాలు మాఫీ చేస్తాయి. ఆ మాట మెయిలులో తీసుకోండి.

కాలేజీ స్కాలర్‌షిప్ పేరుతో పదేళ్ల పిల్లల తల్లిదండ్రుల దగ్గర డబ్బు అడిగే క్లబ్బుల గురించి కూడా చెప్పాలి. 2025 వరకు కాలేజీ క్రీడల్లో పై మెట్టయిన డివిజన్ వన్‌లో మగపిల్లల టీముకి మొత్తం 9.9 స్కాలర్‌షిప్పులే పరిమితి, ఆడపిల్లల టీముకి 14. వాటినే పాతిక ముప్ఫైమందికి ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు చాలా కాలేజీల్లో పద్ధతి మారి టీములో 28 మంది అన్న పరిమితి వచ్చింది, కానీ అందరికీ డబ్బివ్వాలన్న నియమం లేదు. ఐవీ లీగ్ ఆట స్కాలర్‌షిప్పులు ఇవ్వదు, డివిజన్ త్రీ కాలేజీలూ ఇవ్వవు. మనవాళ్లు కలలు కనే ఎంఐటీ సాకర్ ఆడేది డివిజన్ త్రీలోనే. డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. పదేళ్ల వయసులో ఈ సంభాషణకి చోటే లేదు.

మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కులు

చాలా రాష్ట్రాల్లో ట్రైఅవుట్లు మే, జూన్ నెలల్లో. బడి మూసిన మర్నాడే ఇండియా విమానం ఎక్కే ఇళ్లకి ఇది సరిగ్గా అడ్డొస్తుంది. మార్చిలోనే క్లబ్‌కి మెయిలు పెట్టి, మేము జూన్, జులై ఉండం, ముందే ఏప్రిల్‌లో టీముతో ఒకటి రెండు ప్రాక్టీసులు చేయించి చూస్తారా అని అడగండి. చాలా క్లబ్బులు ఒప్పుకుంటాయి, అడిగేవాళ్లు తక్కువ. తిరుగు ప్రయాణం మాత్రం ఆగస్టు మొదటి వారం దాటకుండా చూసుకోండి. సీజన్ ముందు శిబిరాలు అప్పుడే ఉంటాయి, టీములో ఎవరు ఎక్కడ ఆడాలన్నది అక్కడే తేలుతుంది.

భారత్‌లో పుట్టి, పదేళ్లు నిండి, ఇక్కడ మొదటిసారి క్లబ్‌లో నమోదయ్యే పిల్లలకు ఫిఫా నియమాల ప్రకారం అంతర్జాతీయ క్లియరెన్స్ అడుగుతారు. దానికి దరఖాస్తు క్లబ్ రిజిస్ట్రార్ (నమోదులు చూసేవారు) పంపిస్తారు. పిల్లల పుట్టిన సర్టిఫికెట్, పిల్లలవీ మీవీ పాస్‌పోర్టులు, ఇక్కడ నివాసం ఉంటున్నట్టు రుజువు స్కాన్ చేసి సిద్ధంగా ఉంచుకోండి. అనుమతి వచ్చేదాకా గేములు ఆడనివ్వరు కనుక ఆగస్టు చివరిదాకా ఆగకూడదు.

ఆటలో ఆభరణాలు నిషేధం, టేపు చుట్టినా ఒప్పుకోరు. చెవి కమ్మలు, వెండి కడియం, చేతి తాయెత్తు అన్నీ తీయాలి. పాపకి చెవులు కుట్టిస్తే కనీసం ఆరు వారాలు కమ్మలు తీయకూడదు. అందుకే ఆ వేడుక నవంబరు చివర పెట్టుకుంటే వసంతం సీజన్‌కి ఇబ్బంది ఉండదు. సెప్టెంబరులో కుట్టించి రిఫరీతో వాదించి పాపని ఏడుస్తూ ఇంటికి తీసుకెళ్లడం కన్నా అదే మేలు.

వారాంతం లెక్క ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాలి. మనబడి క్లాసు, కూచిపూడి, సంగీతం, మ్యాథ్ క్లాసు, వీటి మధ్య కాంపిటీటివ్ టీము అంటే మూడు సాయంత్రాలు, శని, ఆదివారాల్లో గేములు. ఏదో ఒకటి తగ్గుతుంది, అదేదో ముందే అనుకోండి. దూరం కూడా సాయంత్రం ఐదున్నరకి కారు నడిపి చూశాకే నిర్ణయించండి. మ్యాప్‌లో ఆదివారం పొద్దున చూపించిన సమయం నమ్మకండి. ఒకవైపు 35 నిమిషాలైతే వారానికి మూడు ప్రాక్టీసులకి మూడున్నర గంటలు కారులోనే. 15 నిమిషాలైతే గంటన్నర. మిగిలిన రెండు గంటలు పిల్లల హోంవర్కు, నిద్ర.

ట్రైఅవుట్, ఆఫర్

పావుగంట ముందు వెళ్లండి. షిన్ గార్డులు సాక్సు లోపల, గాలి సరిగా ఉన్న సరైన సైజు బంతి, నీళ్లు. అలవాటైన క్లీట్స్ వేయండి, కొత్తవి ఆ రోజే వేస్తే మడమ బొబ్బలెక్కుతుంది. తర్వాత దూరంగా వెళ్లి కూర్చోండి. కోచ్‌కి తెలుగు రాదు కదా అని గీత పక్కన నిలబడి "ముందుకెళ్లరా, కొట్టరా" అంటే, అర్థం కాకపోయినా ఆయనకి విషయం తెలిసిపోతుంది. పిల్లాడికి ఒకేసారి రెండు గొంతులు వినాల్సి వస్తుంది.

ఆఫర్ మెయిలు ఒకటి రెండు రోజుల గడువుతో రావడం మామూలు. తొందరపడకుండా మూడు మాటలు రాతలో అడగండి: ఏ టీము, ఏ కోచ్, మొత్తం ఎంతమంది. "అండర్-11 పూల్‌లో చోటు" అంటే ఇంకా టీములుగా విడదీయని గుంపులో చోటు, అంతమాత్రాన టీము ఖాయం కాలేదు. మొదటి టీములో పన్నెండోవాడిగా బెంచీ మీద కూర్చోవడం కన్నా రెండో టీములో రోజూ బంతి తాకుతూ నాలుగోవాడిగా ఉండడం పిల్లలకి చాలా మంచిది. ఈ ఒక్క విషయంలో పరువు కోసం పోయి పిల్లల ఏడాదిని పోగొట్టే ఇళ్లు ఎక్కువ. సంతకం చేసేముందు పిల్లలనీ అడగండి. ఇద్దరు కోచ్‌ల దగ్గరా ఆడి వచ్చాక, "మళ్లీ ఎవరి దగ్గరికి వెళ్లాలనుంది?" అంటే చాలు.

చేరాక సరిపడకపోతే, ముందు కోచ్‌తో గేమ్ అయిన మర్నాడు మాట్లాడండి. గేమ్ ముగిసిన వెంటనే వద్దు. "ఎందుకు ఆడించలేదు?" అని మొదలుపెట్టకుండా "ఇంకొంచెం ఆడాలంటే ఏం నేర్చుకోవాలి?" అని పిల్లల చేతే అడిగించండి. పదకొండేళ్లు దాటినవాళ్లు ఆ ప్రశ్న తామే అడగగలరు. భద్రత విషయం, అవమానించడం అయితే వెంటనే బయటికి వచ్చేయండి. మిగతా కారణాలకైతే సీజన్ చివరిదాకా ఆగి మారడం తేలిక. మధ్యలో మారాలంటే పాత క్లబ్ విడుదల చేయాలి, బాకీ ఉంటే చాలా క్లబ్బులు అది తీరేదాకా ప్లేయర్ కార్డు వదలవు. కట్టిన ప్రతి వాయిదా రసీదు, ఆఫర్ మెయిలు, ఒప్పందం ఒకే ఫోల్డరులో పెట్టుకోండి. కొత్త క్లబ్ రిజిస్ట్రార్ మొదట అడిగేవి అవే.